వరి పొలాన్ని ఆవరణ వ్యవస్థగా చదవడం: దుబ్బు దగ్గర లెక్క నుంచి మందు నిర్ణయం దాకా

వరి మడిలో రసం పీల్చే దోమ కనిపించగానే చాలామంది అడిగే మొదటి మాట "ఏ మందు కొట్టాలి?" అన్నది. దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి. దుబ్బుకు దోమలు ఎన్ని ఉన్నాయి? వాటిని తినేవి ఎన్ని ఉన్నాయి? పోయిన వారంతో పోలిస్తే రెండూ పెరిగాయా, తగ్గాయా? ఈ మూడింటికీ జవాబు పొలంలోనే దొరుకుతుంది. వారానికి ఒక పూట, ఒక నోటుపుస్తకం, నలుగురు మనుషులు ఉంటే చాలు. రైతులు పొలంలోనే చూసి నేర్చుకునే పొలంబడుల్లో దీన్నే పొలం ఆవరణ వ్యవస్థ విశ్లేషణ అంటారు. రైతులకు ఇది మందు ఖర్చు తేల్చే పని. జీవశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులకైతే ఆహార గొలుసు, ఆహార జాలకం అనే పాఠాలను పిల్లల కళ్ల ముందు ఉంచే పని. పద్ధతి ఇద్దరికీ ఒకటే.

ముందుగా ఎవరు ఎవరిని తింటారో తెలుసుకోవాలి

వరి మొక్క ఎండనూ నీటినీ నేలలోని పోషకాలనూ పట్టుకుని ఆకుగా, కాండంగా, గింజగా మారుస్తుంది. దాని రసం పీల్చేవి సుడిదోమ, తెల్లవీపు దోమ, పచ్చదోమ. ఆకు గోకి తినేవి ఆకుముడత పురుగు, తాటాకు తెగులు కలిగించే హిస్పా. కాండంలో దూరేది కాండం తొలుచు పురుగు. పిలకను ఉల్లికాడలాంటి గొట్టంగా మార్చేది ఉల్లికోడు. మన పొలాల్లో ముఖ్యమైన శాకాహారులు ఇవి.

వీటిని తినేవాళ్లలో రెండు తెగలున్నాయి. ఒక తెగ పట్టుకుని తినే పరభక్షులు: సాలీళ్లు, తూనీగలు, అక్షింతల పురుగులు, మిరిడ్ నల్లులు, నీటి మీద తిరిగే మైక్రోవీలియా నల్లులు, కప్పలు, పక్షులు. రెండో తెగ పరాన్నజీవులు. ఇవి చీమ తలకంటే చిన్నగా ఉండే కందిరీగ జాతి పురుగులు, శత్రుపురుగు గుడ్డులోనో ఒంట్లోనో తమ గుడ్డు పెడతాయి. పరభక్షిని కంటితో చూడవచ్చు. పరాన్నజీవిని చాలాసార్లు దాని పని ద్వారానే గుర్తుపట్టాలి, అందుకు ఉపాయం కింద ఉంది.

ఇక మూడో వర్గం ఒకటుంది. పుస్తకాల్లో విచ్ఛిన్నకారులని ఒక్క మాటతో దాటేస్తారు గానీ, వరి పొలంలో ఆట మొదలయ్యేది వీటి దగ్గరే. దమ్ములో కలిసిన పాత మోళ్లు, పచ్చిరొట్ట, పశువుల ఎరువు నీటిలో కుళ్లుతాయి. ఆ కుళ్లును సూక్ష్మజీవులు తింటాయి, వాటినీ నాచునూ నీటిలోని ఎర్ర కైరోనమిడ్ పిల్లపురుగులు తింటాయి. అవి రెక్కలొచ్చి చిన్న ఈగల్లా పైకి లేచినప్పుడు సాలీళ్లు పట్టుకుంటాయి. ఈ ఈగలు వరిని ఏమీ చేయవు. నాట్లు వేసిన తొలి వారాల్లో, దోమ ఇంకా రాకముందు, సాలీళ్లకు తిండి ఇవే. జావా వరి పొలాల్లో చేసి 1996లో ప్రచురించిన అధ్యయనం ఈ సంగతిని స్పష్టంగా చూపించింది: సేంద్రియ పదార్థం ఎక్కువ ఉన్న మడుల్లో కుళ్లు తినే జీవులు పెరిగాయి, వాటి వెనకే పరభక్షులు పెరిగాయి, శత్రుపురుగు వచ్చే వేళకు అవి సిద్ధంగా ఉన్నాయి.

అందువల్ల దోమ వచ్చాక మిత్రపురుగుల గురించి ఆలోచించడం ఆలస్యం. దోమకంటే ముందు మిత్రపురుగుకు తిండి పెట్టిన పొలమే దోమను ఆపగలదు. తొలి ముప్ఫై రోజుల్లో "ముందు జాగ్రత్తగా" కొట్టే మందు, చల్లే గుళికలు చెడగొట్టేది సరిగ్గా ఈ ఏర్పాటునే.

కావలసినవి

గీతల నోటుపుస్తకం, పెన్సిల్ (తడికి పెన్ను సిరా కారుతుంది). పది రెట్లు పెద్దగా చూపే చేతి భూతద్దం. తెల్ల ప్లాస్టిక్ లేదా ఎనామిల్ పళ్లెం. నాలుగు మీటర్ల తాడు, దాని నాలుగు మూలలకు పుల్లలు కట్టి పరిస్తే ఒక చదరపు మీటరు చట్రం అవుతుంది. పారదర్శకమైన గాజు సీసా ఒకటి, మూతకు చిల్లులున్న చిన్న ప్లాస్టిక్ సీసాలు పది, దూది, పలచని మల్లు గుడ్డ, రబ్బరు బ్యాండ్లు. పట్టిన పురుగును గుర్తుపట్టలేకపోతే సీసాలో వేసి తెచ్చుకోవాలి. ఊహించి ఏదో ఒక గడిలో రాయకూడదు.

లెక్క ఎలా తీయాలి

ఒక ఎకరా మడికి 20 దుబ్బులు చూడండి: ఐదు చోట్ల, చోటుకు నాలుగు. గట్టు నుంచి కనీసం మూడు అడుగులు లోపలికి వెళ్లాకే మొదలుపెట్టాలి, ఎందుకంటే గట్టు వెంట సాలీళ్లూ ఎక్కువే, ఎండా గాలీ ఎక్కువే, అక్కడి లెక్క మడి మొత్తానికి వర్తించదు. సుడిదోమ మాత్రం మడి మధ్యన, గాలి ఆడని చోట గుంపుగా మొదలవుతుంది. మడిలో వంకరటింకరగా నడుస్తూ ఇరవై అడుగులకు ఒకసారి ఆగి, కుడికాలి బొటనవేలికి దగ్గరగా ఉన్న దుబ్బును తీసుకోండి. "ఇది బాగా దెబ్బతింది, దీన్ని చూద్దాం" అని కంటికి నచ్చిన దుబ్బును ఎంచుకున్నారా, లెక్క పెరిగిపోతుంది. ఈ తప్పు అందరూ చేస్తారు, అనుభవం ఉన్నవాళ్లు మరీ ఎక్కువగా చేస్తారు.

పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది లోపల వెళ్లండి. ఎండ ముదిరాక సాలీళ్లు ఆకుల నీడలోకి, మొదళ్లలోకి తప్పుకుంటాయి. గట్టి వాన పడిన మర్నాడు, పక్క మడిలో మందు కొట్టిన రోజు తీసిన లెక్కను పాత లెక్కతో పోల్చవద్దు. తప్పనిసరై తీస్తే పక్కన ఆ సంగతి రాయండి.

ఒక్కో చోట చూసే వరుస చాలా ముఖ్యం. మొదట దుబ్బుకు రెండడుగుల దూరంలో ఆగి, నీడ దాని మీద పడకుండా నిలబడి, ఎగిరేవాటిని రాసుకోండి: తూనీగలు, రెక్కల పురుగులు, చిన్న కందిరీగలు. చెయ్యి పెట్టాక ఇవి ఉండవు. రెండోది పై ఆకులు. ఆకు వెంట కాళ్లు ముందుకూ వెనక్కూ చాచి పుల్లలా అతుక్కుని ఉన్నది పొడవు దవడల సాలీడు, కాళ్లకు ముళ్లలాంటి రోమాలుండి గూడు కట్టకుండా ఆకుల్లో దూకుతూ వేటాడేది లింక్స్ సాలీడు. మడిచిన ఆకులు ఉంటే విప్పి లోపల పురుగు ఉందో లేదో చూడండి. ఖాళీ మడతను పురుగుగా లెక్కిస్తే అక్కర్లేని మందు పడుతుంది.

మూడోది మొదలు. ఇక్కడే అసలు పని. దుబ్బును ఒక చేత్తో కొద్దిగా వంచి, రెండో అరచేత్తో రెండు మూడుసార్లు తట్టండి. దోమలు నీటి మీద పడతాయి. నీరు లేకపోతే తెల్ల పళ్లెం మొదట్లో ఆనించి తట్టండి. పడగానే, అవి తిరిగి కాండం ఎక్కేలోపు లెక్కపెట్టాలి. ఒకరు తట్టి లెక్కపెడితే ఇంకొకరు రాయాలి, ఒక్కరే రెండూ చేస్తే సగం తప్పిపోతాయి. ఇక్కడ జరిగే పొరపాట్లు నాలుగు. తెల్లగా ఎండిన పొరలు దోమ విడిచిన చర్మాలు, వాటిని లెక్కించకూడదు. నీటి మీద గుండ్రంగా, ముదురు రంగులో వేగంగా కదిలేవి మైక్రోవీలియా నల్లులు; ఇవి దోమ పిల్లలు కావు, నీటిలో పడిన దోమ పిల్లలను గుంపుగా తినే మిత్రులు. ఆకుపచ్చ నలుపు కలిసిన ఒంటితో, పొడవాటి మీసాలతో కాండం మీద చురుగ్గా పరిగెత్తేది మిరిడ్ నల్లి; దాన్ని పచ్చదోమ అనుకుని శత్రువుల గడిలో రాస్తుంటారు. పచ్చదోమ ఒళ్లు చీల ఆకారంలో ఉంటుంది, తాకితే గెంతుతుంది. నాలుగో పొరపాటు, నీటి అంచున పరిగెత్తే తోడేలు సాలీడును చూడకుండానే అది తప్పించుకుపోవడం. వీపు మీద చీలిన గీతలాంటి మచ్చ ఉంటుంది, ఆడది గుడ్ల సంచిని వెనుక వేలాడేసుకుని తిరుగుతుంది.

సుడిదోమలో రెక్కల పొడవును కూడా రాయండి. పొట్టి రెక్కల ఆడదోమలు ఎక్కువగా ఉన్నాయంటే తిండి పుష్కలంగా ఉంది, ఇక్కడే గుడ్లు పెట్టబోతున్నాయి అని అర్థం. రద్దీ పెరిగి మొక్క ఎండబోతుంటే పొడవు రెక్కలవి పుట్టి వేరే పొలానికి ఎగిరిపోతాయి. ఒకే పురుగు, పరిసరాన్ని బట్టి రెండు రూపాలు. పాఠం చెప్పేవాళ్లు ఈ ఒక్కదాన్నీ వదలకండి.

నాలుగోది మొక్క సంగతి: దుబ్బుకు పిలకలెన్ని, మొవ్వు చచ్చిన పిలకలెన్ని, ఉల్లికోడు గొట్టాలెన్ని, ఆకు మచ్చలేమైనా ఉన్నాయా, నీరు ఎంత లోతుంది, వాతావరణం ఎలా ఉంది. మొవ్వు చచ్చిన పిలకల శాతం తీయడానికి 20 దుబ్బుల మొత్తం పిలకలతో భాగించాలి. 240 పిలకల్లో 12 చచ్చి ఉంటే 5 శాతం.

కాండం తొలుచు పురుగు గుడ్లకు మాత్రం 20 దుబ్బుల లెక్క పనికిరాదు. 20 సెంటీమీటర్లకు 15 సెంటీమీటర్ల దూరంలో నాటితే చదరపు మీటరుకు 33 దుబ్బులుంటాయి. అంటే మన 20 దుబ్బులు కలిపినా అర చదరపు మీటరు పైచిలుకే. చదరపు మీటరుకు ఒక గుడ్ల సముదాయం అన్న పరిమితిని అంత చిన్న జాగాలో పట్టుకోలేం. ఐదు చోట్లా తాడు చట్రం పరిచి, ఆకుల చివర్లలో గోధుమ రంగు నూగు కప్పుకున్న గుడ్ల కుప్పలను, ముందు రెక్క మీద నల్ల చుక్కతో ఉండే పసుపు రెక్కల పురుగులను విడిగా లెక్కపెట్టండి.

నీటిని చూడకుండా ఇంటికి పోవద్దు

నాట్లు వేసిన పది రోజుల నుంచి వారానికోసారి, రెండు మూడు చోట్ల అడుగు బురద కాస్త కదిలేలా గాజు సీసాతో నీరు తీయండి. పావుగంట కదపకుండా ఉంచితే మట్టి కిందికి దిగుతుంది. తెల్ల కాగితం వెనక పెట్టి భూతద్దంతో చూడండి. మెలికలు తిరిగే ఎర్ర పిల్లపురుగులు, గెంతుతూ ఈదే చిన్న చుక్కల్లాంటి నీటి ఈగలు, తోకకప్పలు, తూనీగ పిల్లలు కనిపిస్తే పొలం కింది అంతస్తు బతికే ఉంది. అడుగున ఏమీ కదలకపోతే, గుళికలు వేసి ఎన్ని రోజులైందో, పశువుల ఎరువు ఎప్పుడు వేశారో అడిగి రాసుకోండి. ఈ పరిశీలనకు సంఖ్య కంటే "ఎక్కువ, తక్కువ, లేవు" అన్న మూడు మాటలు సరిపోతాయి.

తినేది ఎవరో తేల్చే కుండీ పరీక్ష

సాలీడు దోమను తింటుందని చెబితే తలూపుతారు, చూస్తేనే నమ్ముతారు. దీనికి ఒకే తీరు ఉన్న రెండు చిన్న కుండీలు కావాలి. ఒక్కోదాంట్లో బురద నింపి మూడు పిలకల వరి నాటండి. ఆకులను చేత్తో తుడిచి ఉన్న పురుగులన్నీ తీసేయండి. రెండు లీటర్ల నీళ్ల సీసాల అడుగూ మెడా కోసేసి, కుండీ మీద గొట్టంలా నిలబెట్టి బురదలోకి గుచ్చండి. పైన మల్లు గుడ్డ కట్టండి. రెండింటిలోనూ పదేసి నడి వయసు దోమ పిల్లలను వదలండి. రెక్కలొచ్చినవి వద్దు, ఎగిరి గుడ్డకు అతుక్కుంటాయి. ఒకదాంట్లో మాత్రం ఒక తోడేలు సాలీడును వేయండి. రెండింటినీ నీడలో పెట్టి 24 గంటలకు, 48 గంటలకు లెక్కపెట్టండి.

సాలీడు లేని కుండీ లేకపోతే ఈ పరీక్షకు విలువ లేదు. అందులో రెండు చచ్చి, సాలీడు ఉన్నదాంట్లో ఎనిమిది మాయమైతే, సాలీడు ఖాతాలో ఆరే వేయాలి. ఎండలో పెడితే సీసా లోపల ఆవిరి పట్టి రెండింటిలోనూ అన్నీ చస్తాయి. రెండు సాలీళ్లను ఒకే దాంట్లో వేస్తే ఒకదాన్నొకటి తింటాయి. తోడేలు సాలీడు రోజుకు 5 నుంచి 15 దోమల దాకా తినగలదు. కానీ సీసాలో దోమ తప్పించుకోలేదు, సాలీడు వెతుక్కోనక్కర్లేదు, కాబట్టి కుండీలో వచ్చిన సంఖ్యను తీసుకెళ్లి పొలం లెక్కలో గుణించకండి. ఎవరు ఎవరిని తింటారన్నది మాత్రం ఈ పరీక్షతో ఖాయంగా తేలుతుంది.

మిరిడ్ నల్లికి పరీక్ష వేరుగా ఉంటుంది, ఎందుకంటే అది ముఖ్యంగా దోమ గుడ్లను పొడిచి పీలుస్తుంది. రెండు కుండీల్లోనూ పొట్ట ఉబ్బిన ఐదేసి పొట్టి రెక్కల ఆడదోమలను ఒక రోజు ఉంచి తీసేయండి. గుడ్లు ఆకు తొడుగు లోపల ఉంటాయి, పైకి కనపడవు. తర్వాత ఒక కుండీలో మూడు మిరిడ్ నల్లులు వేసి, పది రోజుల దాకా రెండింటిలో పుట్టే పిల్లలను రోజూ లెక్కపెట్టి తీసేయండి.

గుడ్ల కుప్ప చెప్పే సంగతి

మడిలో దొరికిన కాండం తొలుచు పురుగు గుడ్ల సముదాయాలు పది కోసి, ఆకు ముక్కతో సహా ఒక్కో సీసాలో ఒక్కోటి వేయండి. తడి దూది చిన్న ముక్క పక్కన పెట్టండి, నీరు కారేంత తడి వద్దు, బూజు పడుతుంది. నేత దగ్గరగా ఉన్న గుడ్డ మూత కట్టి నీడలో ఉంచండి. పది రోజుల్లోపు కొన్నింటిలోంచి నల్ల తలతో సన్నని పిల్లపురుగులు వస్తాయి, కొన్నింటిలోంచి నుసిలాంటి చిన్న కందిరీగలు వస్తాయి, కొన్నింటిలోంచి రెండూ వస్తాయి. పదిలో ఆరింటి నుంచి కందిరీగలు వస్తే, మడిలో కనపడే గుడ్లను చూసి భయపడాల్సిన పని చాలా తగ్గింది. వచ్చిన కందిరీగలను తిరిగి పొలంలో వదలండి, పిల్లపురుగులను చంపేయండి.

ఈ కందిరీగల్లో టెలినోమస్ అనేది తల్లి రెక్కల పురుగు వెనుక రోమాల గుచ్ఛాన్ని పట్టుకుని ప్రయాణం చేస్తుంది. తల్లి గుడ్డు పెట్టగానే, నూగు కప్పేలోపు తన గుడ్డు దూర్చేస్తుంది. దీనివల్లే నారు కొనలు తుంచి కాల్చేయడం కంటే, తుంచిన కొనలను మల్లు గుడ్డ కట్టిన కుండలో వేసి గట్టున పెట్టడం మేలని మా అభిప్రాయం. గుడ్డ కన్నాల్లోంచి కందిరీగ బయటపడుతుంది, గొంగళి పురుగు లోపలే ఉండి చస్తుంది. గుడ్డ నేత మరీ దగ్గరగా ఉంటే రెండూ బయటికి రాలేవు, అది చూసుకోండి.

లెక్కను నిర్ణయంగా మార్చడం

ఒక పెద్ద కాగితం మధ్యలో ఆ రోజు దుబ్బును బొమ్మ గీయండి: పిలకలెన్నో అన్ని. ఎడమ పక్క శత్రుపురుగులు, కుడి పక్క మిత్రపురుగులు, పైన ఎండో మబ్బో, కింద నీటి లోతు. ప్రతి పురుగు పక్కనా దుబ్బుకు సగటు. పోయిన వారం కాగితం పక్కనే వేలాడదీయండి. మాట్లాడుకోవాల్సింది ఈ రెండింటి మధ్య తేడా గురించి.

సాధారణంగా చెప్పే ఆర్థిక నష్ట పరిమితులు (దాటితే మందు ఖర్చు కంటే పురుగు చేసే నష్టం ఎక్కువయ్యే సంఖ్యలు) ఇవి: సుడిదోమ పిలక దశలో దుబ్బుకు 10 నుంచి 15, ఈనిక దశలో 20 నుంచి 25. కాండం తొలుచు పురుగు అయితే చదరపు మీటరుకు ఒక గుడ్ల సముదాయం లేదా ఒక రెక్కల పురుగు, లేదంటే 5 శాతం మొవ్వు చచ్చిన పిలకలు. ఆకుముడత దుబ్బుకు ఒకటి రెండు తాజాగా దెబ్బతిన్న ఆకులు. ఉల్లికోడు 5 శాతం గొట్టాలు. వీటిని గీతలుగా చూడండి గానీ ఆజ్ఞలుగా చూడకండి. గీత దాటినా మిత్రపురుగులు దండిగా ఉంటే ఆగవచ్చు. గీత దాటకపోయినా మిత్రులు లేక దోమ వారం వారం రెట్టింపు అవుతుంటే ఆగడం ప్రమాదం.

ఇక్కడే శత్రు మిత్ర నిష్పత్తి పనికొస్తుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ చెప్పే స్థూల సూత్రం 2:1. రెండు శత్రుపురుగులకు ఒక మిత్రపురుగు ఉంటే మందు అక్కర్లేదు. ఉదాహరణకు నాటిన 50వ రోజున 20 దుబ్బుల్లో దోమలు 240, అంటే దుబ్బుకు 12. సాలీళ్లు 28, మిరిడ్ నల్లులు 76, నీటి నల్లులు 30, మొత్తం 134. నిష్పత్తి 1.8:1. దోమ గీతను తాకింది, అయినా ఈ రోజు మందు వద్దు. నీరు తీసేసి, మూడు రోజులకు మళ్లీ లెక్కపెట్టాలి. అప్పటికి దోమ దుబ్బుకు 9కి దిగితే వారం వారం లెక్కకు తిరిగి వెళ్లవచ్చు. 16కు ఎక్కి మిరిడ్ పెరగకపోతే అప్పుడు జోక్యం. అన్ని మిత్రులూ సమానం కాదన్నది గుర్తుంచుకోండి: ఒక అక్షింతల పురుగు పుప్పొడి కూడా తిని బతకగలదు, ఒక తోడేలు సాలీడుకు వేటే బతుకు. ఇద్దరినీ ఒక్కటిగా లెక్కించడం సౌకర్యం కోసమే.

చిన్న తేడా ఎందుకంత పెద్దదవుతుందో లెక్క వేసి చూడండి. ఒక ఆడదోమ 200 గుడ్లు పెట్టి, అందులో సగం ఆడవి అనుకుందాం. దోమ సంఖ్య పెరగకుండా ఉండాలంటే ఆ 100లో ఒక్కటే బతికి గుడ్లు పెట్టాలి, 99 చావాలి. మిత్రపురుగులు కొంచెం తగ్గి 99 బదులు 95 చచ్చాయనుకోండి. తరానికి ఐదు రెట్లు, రెండు తరాలకు 25 రెట్లు. తరం నెల లోపే పూర్తవుతుంది. దుబ్బుకు ఒకటి ఉన్న దోమ రెండు నెలలు తిరక్కుండా 25కు చేరడానికి కారణం ఆ నాలుగు శాతం.

మందు కొట్టాక దోమ తగ్గి మళ్లీ విరుచుకుపడడం వెనుక ఉన్నది కూడా ఇదే. చాలా మందులు, ముఖ్యంగా సింథటిక్ పైరిత్రాయిడ్లు, మొక్క మీద తిరిగే సాలీడునూ మిరిడ్‌నూ చంపుతాయి. ఆకు తొడుగు లోపలి దోమ గుడ్డుకు ఏమీ కాదు. వారంలో గుడ్లు పగులుతాయి, తినేవాడు లేడు. ఇండోనేషియాలో ఇలాంటి ఉధృతి దేశమంతా వచ్చాక 1986లో వరిపై 57 రకాల పురుగుమందులను నిషేధించారు, ఆ తర్వాత 1989లో అక్కడే రైతుల పొలంబడులు మొదలయ్యాయి. మనం చేసే ఈ దుబ్బు లెక్క ఆ బడుల నుంచి వచ్చినదే.

జోక్యం తప్పనిసరైతే మిత్రులకు తక్కువ హాని చేసేదాన్ని ఎంచుకోండి. దోమ పిల్లలు చర్మం విడవకుండా అడ్డుకునే బుప్రోఫెజిన్ 25 ఎస్‌సి ఎకరాకు 320 మి.లీ., లేదా దోమను మేయకుండా ఆపే పైమెట్రోజిన్ 50 డబ్ల్యూజి ఎకరాకు 120 గ్రాములు, 200 లీటర్ల నీటిలో. బుప్రోఫెజిన్ పెద్ద దోమలను చంపదు, ఫలితం కనపడడానికి నాలుగైదు రోజులు పడుతుంది. రెండో రోజే "పని చేయలేదు" అని ఇంకో మందు కలిపి కొడితే ఎంపిక చేసుకున్న ప్రయోజనమంతా పోతుంది. పాయలు తీసి మొదళ్లు తడిసేలా కొట్టాలి. ఆకుల పైన కొట్టిన మందు దోమను చేరదు. కొట్టే ముందు డబ్బా మీది మోతాదు, కోతకు ముందు ఆగాల్సిన రోజులు చూసుకోండి.

పరిసరాన్ని మార్చితే లెక్క మారుతుంది

దోమకు కావలసింది తేమ, నీడ, నత్రజని నిండిన రసం. మూడూ మన చేతిలో ఉన్నవే. నాటేటప్పుడు ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదిలితే గాలి, వెలుతురు మొదళ్లకు దిగుతాయి. నాట్ల కూలీలకు ముందే తాడు వేసి చూపించకపోతే ఈ బాటలు మడి మధ్యకు వచ్చేసరికి మాయమవుతాయి. దోమ మొదలైందని తెలిస్తే నీరు తీసి, నేల సన్నగా బీటలిచ్చే ముందు దాకా ఆరబెట్టి మళ్లీ పలచగా పెట్టండి. వెన్ను ఏర్పడే దశలో, పూత దశలో మాత్రం మొక్క నీటి ఎద్దడికి గురికాకూడదు. యూరియాను మూడు దఫాలుగా, ఆకు రంగు పట్టిక చూసి వేయండి. ముదురాకుపచ్చ మడి చూడ్డానికి బాగుంటుంది, దోమకూ అంతే బాగుంటుంది; నత్రజని ఎక్కువైన మొక్క మీద ఆడదోమ ఎక్కువ గుడ్లు పెడుతుంది. సాంబ మసూరి వేసినవాళ్లు ఇందులో మరింత జాగ్రత్తగా ఉండాలి, దానికి దోమను తట్టుకునే గుణం లేదు.

గట్లను గొడ్డలితో చెక్కినట్టు నున్నగా ఉంచకండి. కంది, అలసంద, నువ్వులు, బంతి వేస్తే కందిరీగలకు తేనె, మిరిడ్‌లకు ఆశ్రయం దొరుకుతాయి. చైనా, థాయ్‌లాండ్, వియత్నాం పొలాల్లో గట్ల మీద పూల మొక్కలు పెంచి చేసిన అధ్యయనంలో పురుగుమందు వాడకం 70 శాతం తగ్గింది, దిగుబడి 5 శాతం పెరిగింది. అది 2016లో వెలువడింది. గట్టు పంట వరి నాట్లకు రెండు మూడు వారాల ముందే విత్తాలి, లేకపోతే దోమ వచ్చేసరికి పూత ఉండదు. గట్టు పంటకు మందు కొడితే ఈ శ్రమంతా వృథా.

పక్షుల కోసం ఎకరాకు పదిదాకా టి ఆకారపు కర్రలు, పంటకంటే ఒక అడుగు ఎత్తులో పాతండి. పసులపోలిగాడు వాటి మీద కూర్చుని రెక్కల పురుగులను గాల్లోనే పట్టేస్తుంది. గింజ పాలు పోసుకునే దశ రాగానే కర్రలు పీకేయాలి, లేకపోతే పిచ్చుకలు, చిలకలు అక్కడే దిగుతాయి. కాండం తొలుచు పురుగు గుడ్లలో గుడ్డు పెట్టే చిన్న కందిరీగ ట్రైకోగ్రామా జపానికమ్. దాని కార్డులు వాడదలిస్తే ఎకరాకు 20 వేల గుడ్లున్న కార్డును ముక్కలు చేసి, సాయంత్రం పూట ఆకు అడుగున గుచ్చండి. రెక్కల పురుగు కనిపించినప్పటి నుంచి వారానికోసారి మూడు నాలుగు సార్లు. కార్డు కొన్న రోజే పెట్టాలి, ఇంట్లో మర్చిపోతే కందిరీగలు సంచిలోనే పుట్టి చస్తాయి.

కోత అయ్యాక మోళ్లను నేలకు దగ్గరగా కోసి దున్నితే కాండంలో దాగిన పురుగు పోతుంది. గడ్డిని మాత్రం మడిలో తగలబెట్టవద్దు. అందులో సాలీళ్లున్నాయి, వచ్చే దమ్ముకు కావలసిన సేంద్రియ పదార్థమూ అదే. రెండు మూడు గడ్డి కట్టలు గట్టు మీద అక్కడక్కడ వదిలితే ఖాళీ నెలల్లో సాలీళ్లు వాటిలో తలదాచుకుంటాయి, రబీ నాట్లప్పుడు ఆ కట్టలను విప్పి మడి లోపలికి పరిస్తే సరిపోతుంది.